ఈరక్క గడప దాటిన కాలు

మెసేజ్ 1

డాక్టరమ్మా, నేను కుళ్లాయిని. నీళ్లు తోడే మెట్ల చక్రం తొక్కేవాణ్ణి. మీరు కుడి చీలమండ తెరిచి ఎముక ముక్కతో అతుకు వేశారు కదా, ఆ కుళ్లాయిని. డోలీలో మా గనికి చేర్చారు. దారిలో కాలు ఎక్కడా తగలలేదు.

వార్డులో మీరు ఏమడిగినా నేను గోడ వైపు చూస్తూ కూచున్నాను. మీకు కోపం రాలేదు. ఈ ఫోను చేతిలో పెట్టి, నోటితో చెప్పలేకపోతే రాసి పంపు అన్నారు. ఎక్కడ నొప్పి, కాలు కింద పెట్టావా లేదా, ఇంట్లో ఏం జరిగింది, తోచింది రాయి, చదువుతాను అన్నారు. మిగతా గనుల్లో అతుకులు నిలబడుతున్నాయి, మీ గనిలో మాత్రం నెలలోపే కూలిపోతున్నాయి, ఎందుకో అర్థం కావడం లేదు అని కూడా అన్నారు.

నేను రెండో తరగతి దాకే. మెల్లగా రాస్తాను.

నొప్పి ఉంది. కట్టు లోపల ఎవరో రోట్లో నూరుతున్నట్టు ఉంది. కాలు దిండు మీదే ఉంది. జొన్న సంగటి తిన్నాను.

మెసేజ్ 2

మా ఇంటి సంగతి రాయలేదు. ఇంట్లో అక్క సుంకమ్మ, దాని పాప, నేను. పాపకి ఇంకా పేరు కూడా పెట్టలేదు. బావ పైకి పోయి గాలిదుమ్ములో తిరిగి రాలేదు.

పైన ఎండకి తట్టుకోలేక అందరం గనిలోకి దిగినవాళ్లమే. మాది ఆరో సొరంగం. అన్నిటికంటే కిందది, చల్లగా ఉంటుంది. రాయి మీద వీపు ఆనిస్తే హాయిగా ఉంటుంది. చక్రం తొక్కే మనిషి ఉన్న ఇంటికే ఇక్కడ చోటు. పని చేసే మనిషి లేని ఇల్లు మొదటి సొరంగానికి ఎక్కాలి. దాని నెత్తిన ఒక వరస రాయి, ఆ పైన ఎండ. పోయిన వేసవిలో అక్కడి నుంచి పసిపిల్లల్ని గుడ్డలో చుట్టి కిందికి తెచ్చేవాళ్లు. నేను చక్రం మీద నుంచి చూసేవాణ్ణి.

చక్రం మెట్టు విరిగి నా పాదం ఇరుక్కున్నప్పుడు చక్రం ఆగలేదు. మిగతావాళ్లు తొక్కుతూనే ఉన్నారు, వాళ్లకి తెలియదు కదా. నేను అరవలేదు. నాకు అరవడం రాదు.

దెబ్బ తగిలినవాడి చోటు మూడు నెలలు ఉంచుతారు. అందులో రెండు నెలలు ముందే అయిపోయాయి. అక్క కట్టు వైపు చూస్తుంది, పాప వైపు చూస్తుంది, అంతే.

మెసేజ్ 3

ఓబులేసు మావ వచ్చాడు. మా అమ్మ తమ్ముడు, చక్రం మేస్త్రీ. కుంటుతాడు. ఆయనకీ పదేళ్ల కిందట మీ ఆసుపత్రిలోనే అతుకు వేశారు. అది నిలబడలేదు. అందుకే తొక్కడం మాని మేస్త్రీ అయ్యాడు. ఆసుపత్రి వాళ్లకు చేత కాదు అని రోజూ అంటాడు. మీరు ఏమీ అనుకోవద్దు.

"ఏమిరా అబ్బీ, ఎవరి ముక్కో తెలుసునా నీ కాల్లో ఉండేది?" అన్నాడు.

నేను తల అడ్డంగా ఊపాను. తెలియదు అని.

"మద్దిలేటిది. పైన వెలుతురు దింపే అద్దాలు తుడిచేటోడు. ఎండ కొట్టి పడిపాయ గదా. ఈరక్క కొడుకు."

నాకు మద్దిలేటి గుర్తున్నాడు. నాలుగో సొరంగంలో ఉండేవాళ్లు. పని నుంచి దిగేటప్పుడు బిందె భుజాన పెట్టుకుని, మా చక్రం దగ్గర నింపుకుని పోయేవాడు. పోతూ పోతూ నా వైపు నీళ్లు చిలకరించేవాడు. చెమట పట్టిన మొహం మీద ఆ నీళ్లు పడితే ఎట్లుంటుందో మీకు తెలియదు.

మావ కూచుని వివరంగా చెప్పాడు. మీకు తెలుసో లేదో. మా గనిలో చచ్చిపోయినవాళ్ల ముక్క ఎవరి కాల్లోకి పోతుందో, ఆ కాలు పదకొండో దినం ఆ ఇంటికి పోవాలి. నిండు బిందె భుజాన పెట్టుకుని గడప దాటాలి. దాటేది అతుకు వేసిన కాలే అయ్యుండాలి. పొయ్యి దాకా నడిచి బిందె దించాలి. చచ్చిపోయినవాడు ఆఖరుసారి ఇంటికి నీళ్లు తెచ్చినట్టు లెక్క. ఆ నీళ్లతోనే ఆ ఇంట్లో మళ్లీ పొయ్యి వెలిగిస్తారు. అప్పటిదాకా తల్లి వండింది తినదు. నానబెట్టిన శనగలు తింటుంది.

"ఆరు వారాలు కాలు మోపకూడదంట," అంది నా బదులు అక్క.

"ఆ మాట నాకూ చెప్పిరి మ్మే. పదకొండు దినాలకే బిందె మోసినా. అందరమూ మోసినాం. ఆ మాత్రానికి కూలిపోతే అది అతుకేంది? వాళ్లు వేసేదే వంకరగా వేస్తారు." నా వైపు తిరిగి వేలు చూపించాడు. "ఫోన్లో ఈ సంగతి రాయబాకు. కాలు కింద పెట్టల్యా అని రాయి. అందరమూ అట్లే రాసినాం. లేకుంటే ఇంగొకరికి ముక్క ఇయ్యరు."

నేను ఇది రాసేశాను. పంపాలా వద్దా అని చూస్తున్నాను.

మెసేజ్ 4

ముందుది పంపలేదు. దాచుకున్నాను. ఊరికే ఒక మాట మాత్రం మిమ్మల్ని అడిగాను డాక్టరమ్మా. ఒక్క అడుగు వేస్తే ఏమవుతుంది, అని.

మీరు వెంటనే జవాబు పంపారు. "వద్దు. ముక్క ఇంకా నీ ఎముకతో కలవలేదు. పచ్చి మట్టిలో పెట్టిన రాయిలా ఉంటుంది. పైన ఉన్న నున్నటి పూత బతికే ఉంది, కింద కూలితే అదీ చస్తుంది. ఎందుకు అడుగుతున్నావు?"

ఊరికే, అని రాశాను.

మెసేజ్ 5

ఈరక్క మా ఇంటికి వచ్చింది. రాకూడదంట, కాలే ఆమె దగ్గరికి పోవాలంట. అయినా వచ్చింది. ముసలావిడ అనుకున్నాను. కాదు. నలభై కూడా ఉండవు. శనగలు తిని తిని బుగ్గలు లోపలికి పోయి అట్లా కనిపిస్తోంది.

నా కట్టు దగ్గర కూచుంది. వేళ్లు మాత్రం బయటికి కనిపిస్తాయి కదా, వాటిని చూసింది.

"ఇవి నీ ఏళ్లే గదా?" అంది.

తల ఊపాను.

"వానిది లోపల ఉండాదా?"

మళ్లీ ఊపాను.

"చల్లగా ఉండాదిలే ఈడ. వానికి ఎండ అంటే బలే చిరాకు," అంది. లేచి పోయింది. పోతూ పోతూ తెర పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. కళ్లు తిరిగినట్టున్నాయి.

రేపే పదకొండో దినం.

మెసేజ్ 6

డాక్టరమ్మా, వేశాను.

మావ నన్ను వీపు మీద మోసుకుని నాలుగో సొరంగానికి తీసుకుపోయాడు. మా గనిలో ఇల్లు అంటే ఒక తెర, ఒక గడప చెక్క. చోటు మారితే ఆ చెక్కను చంకలో పెట్టుకుని పోతారు. ఈరక్క గడప చెక్కకి పసుపు రాసింది. జనం చాలామంది ఉన్నారు. అందరూ నా కాలు వైపే చూస్తున్నారు.

మావ బిందె భుజానికి ఎత్తాడు. నేను వద్దు అనాలి. నోట్లో ఉంది మాట. ఈరక్క పొయ్యి దగ్గర అగ్గిపెట్టె పట్టుకుని కూచుని ఉంది. అగ్గిపెట్టెలో పుల్లలు గలగలమంటున్నాయి. అంత మందిలో నాకు ఆ చప్పుడే వినిపించింది.

కుడి కాలు గడప లోపల పెట్టాను. బరువంతా దాని మీదికే వచ్చింది. లోపల ఏదో దిగింది. పచ్చి గోడలో మేకు దిగినట్టు మెత్తగా దిగింది. చప్పుడు రాలేదు. రెండో అడుగు, మూడో అడుగు. బిందె దించాను.

అందరూ కళ్లు తుడుచుకున్నారు. ఈరక్క పొయ్యి వెలిగించి అన్నం వండి, మొదటి ముద్ద నాకే పెట్టింది. నేను మింగాను.

ఇప్పుడు చీలమండ బిందెంత వాచింది. దాచుకున్న మూడు, నాలుగు, ఐదు మెసేజ్‌లు కూడా పంపుతున్నాను, చదవండి. కాలు కింద పెట్టలేదు అని రాద్దామని చూశాను. రాసి చెరిపేశాను. మీరు ఎందుకో తెలియడం లేదు అన్నప్పుడు మీ మొహం గుర్తొచ్చింది.

మెసేజ్ 7

మీరు వచ్చి వెళ్లారు కాబట్టి అంతా మీకు తెలుసు. అయినా రాస్తున్నాను. మీరు మాట్లాడుతున్నప్పుడు మీ వెనక ఉన్నవాళ్ల మొహాలు నేను చూశాను, మీరు చూడలేదు.

మీరు ఎముకల ఫోటో తీసే పెట్టె నా కాలికి ఆనించి చూసి, ముక్క కిందికి కుంగిపోయింది, పూత నలిగింది అన్నారు. మావ వెంటనే అందుకున్నాడు.

"చూసినారా, ఇదీ నిలబడల్యా. మీ చేతి పని ఇంతే తల్లీ."

"నువ్వు కూడా అతుకు వేసిన కాలితో బిందె మోశావా ఓబులేసూ?" అన్నారు మీరు.

"మోసినా. మోయకుంటే ఎట్ల?"

"మొత్తం ఎంతమంది మోశారు?"

మావ వేళ్లు మడిచాడు. ఒక్కొక్కరి పేరు లోపలే అనుకుంటున్నట్టు పెదాలు కదిలాయి. తర్వాత వంగి తన కుంటి కాలు చూసుకున్నాడు. అప్పుడు మీరు నా కట్టు కడుతున్నారు. ఆయన మొహం అట్లా కావడం నేను ఎప్పుడూ చూడలేదు. పదేళ్లుగా తిట్టినవన్నీ గుర్తొచ్చి ఉంటాయి.

ఈరక్కకి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది.

"అంటే వాని ముక్క చచ్చిపాయనా?" అంది.

మీరు అవునన్నారు.

"నేను అన్నం తినల్ల అని బిందె మోయిస్తి. దానికేనా?"

ఆమె గోడకి ఆనుకుంది. ఏడవలేదు. "రెండుసార్లు పాయ నాయన," అంది. ఆ మాట ఎవరితోనూ కాదు.

అప్పుడు మీరు చెప్పారు. మద్దిలేటి ఎడమ కాలి ముక్క మీ చలిగదిలో ఇంకా బతికే ఉందని, కొన్ని రోజులే ఉంటుందని. ఎడమ కాలిది కుడి కాలికి సరిగ్గా కూచోదు, కొంచెం చెక్కాలి అన్నారు. అక్క ధైర్యం చేసి, నా మోకాలి నుంచే ముక్క తీసి వేయకూడదా అని అడిగింది. తీయొచ్చు, కానీ మోకాలు కూడా పాడైతే చక్రం తొక్కలేడు అన్నారు. అంతా ఈరక్క వైపు చూశారు. చచ్చిపోయినవాడి ముక్క ఇచ్చేది ఇంటివాళ్లే కదా.

"ఇయ్యను అంటే ఏం చేస్తారు?" అంది ఈరక్క.

"ఏమీ చెయ్యం. ఇది నీ ఇష్టం," అన్నారు మీరు.

ఆమె నా దగ్గరికి వచ్చింది. నేను తల దించుకున్నాను. గడ్డం పట్టి పైకెత్తింది.

"నువ్వు ఆ దినం వద్దు అనొచ్చు గదరా. నోరు ల్యా నీకు?"

లేదు అన్నట్టు తల ఊపాను. నిజంగానే లేదు కదా. ఆమెకి కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"వానికి నోరు ఎక్కువ. నీకు అసలే ల్యా. బలే జత కలిసింది," అంది. మీ వైపు తిరిగింది. "ఇస్తా. మళ్ల పొయ్యి ఆర్పుతా. ఈ తూరి పదకొండు దినాలు కాదు. నువ్వు ఎప్పుడు మోపమంటే అప్పుడే మోపనీ. అప్పటిదాంక వండింది ముట్టను."

ఆరు వారాలు అన్నారు మీరు. అన్నాళ్లు శనగలతో బతకలేవు అన్నారు.

"వాడు ఇల్లు చేరకుండా నేనెట్ల తినేది?"

"బిందె మాత్రం ఒప్పుకోను. ఆరు వారాల తర్వాత కూడా అంత బరువు వద్దు. చెంబు చాలదా?"

మావ, చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఈ మాట ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.

"చెంబు చాల్లే," అంది ఈరక్క. "తెచ్చేది నీళ్లే గదా."

మెసేజ్ 8

రెండోసారి కోయించుకుని, రెండు వారాలు అక్కడే ఉండి తిరిగి వచ్చాను. నొప్పి మొదటిసారి కంటే ఎక్కువ. మీరు ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు.

మూడు నెలలూ అయిపోయాయి. మావ వచ్చి తెర విప్పాడు. తనే విప్పాలి, మేస్త్రీ కదా. విప్పుతున్నంతసేపూ ముక్కు ఎగబీల్చాడు. అక్క గడప చెక్క చంకలో పెట్టుకుంది, పాపను రెండో చంకలో. నన్ను మావ మోశాడు. ఆరు నుంచి ఒకటికి మెట్లు ఎక్కుతుంటే ఒక్కో సొరంగానికి గాలి మారుతుంది. మూడో దాని దగ్గర పాప ఏడవడం మొదలుపెట్టింది. మొదటి దాని దగ్గర ఏడుపు ఆపేసింది. దానికే నాకు భయమేసింది.

మా పక్క తెర ఈరక్కదే. కొడుకు లేడు కాబట్టి ఆమెని ముందే పంపేశారు. ఆమె పొయ్యి రాళ్ల మీద గిన్నెలు బోర్లించి ఉన్నాయి.

మెసేజ్ 9

ఇక్కడ పైరాయిని చేత్తో ముట్టుకోలేం. మధ్యాహ్నం సైరన్ మోగాక ఎవరూ మాట్లాడరు. నోరు తెరిస్తే తడి పోతుందని.

నీళ్లు రెండు రకాలుగా పోస్తారు, తాగేవి వేరు, వంటవి వేరు. మొదటి సొరంగానికి రెండూ తక్కువే. పాపకి ఒంటి మీద తడిగుడ్డ వేయాలి. గంటకోసారి ఆరిపోతుంది. మా వంట నీళ్లు రెండు గుడ్డలకే సరిపోయాయి.

ఈరక్క తెర ఎత్తి లోపలికి వచ్చింది. ఆమె వంట నీళ్ల డబ్బా తెచ్చింది, నిండుగా.

"నేను వండేది ల్యా గదా," అంది. "ఊరికే కూచోనుండాయి."

గుడ్డ ముంచి పిండి పాప మీద కప్పింది. పాప కాళ్లు ఆడించింది. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

రోజూ అదే. ఆమె పొయ్యి వెలగనన్నాళ్లూ పాపకు గుడ్డ తడిగా ఉంటుంది.

మెసేజ్ 10

నొప్పి తగ్గింది. వాపు తగ్గింది. కాలు కింద పెట్టలేదు. ఇది నిజంగానే రాస్తున్నాను.

కానీ డాక్టరమ్మా, ఈరక్క లేవలేకపోతోంది. శనగలు నమలలేక నానబెట్టిన నీళ్లే తాగుతోంది. దవడలు కదలడం లేదు. అక్క గంజి తీసుకుపోతే మూతి తిప్పేసుకుంది. మీరు పంపిన బలం పొడి పొట్లాలు కలిపి ఇచ్చాం. వండినది కాదు అని ఒట్టేసి చెబితే తాగింది. సగం కక్కేసింది.

నేను ఇప్పుడే గడప దాటితే ఆమె ఇప్పుడే తింటుంది. ఈ ఆలోచన వదలడం లేదు. ఇంకా రెండు వారాలు ఉంది.

మెసేజ్ 11

నిన్న పోయాను. కర్రల మీద పక్క తెర దాకా పోయాను. చెంబు నడుముకి కట్టుకున్నాను. అక్క నిద్రపోతోంది.

ఈరక్క పడుకునే ఉంది. నన్ను చూసింది, చెంబు చూసింది. ఎక్కడి నుంచి వచ్చిందో బలం, మోచేతి మీద లేచి పక్కనున్న చీపురు విసిరింది. అది నా ఛాతీకి తగిలింది.

"పోరా! మళ్ల చంపుతావా వాన్ని?"

నేను కదల్లేదు.

"ఆకలి నాది. నీకేంది నొప్పి? పో."

వెనక్కి తిరిగాను. తిరుగుతుంటే ఏడుపు వచ్చింది. ఆమె వెనక నుంచి మెత్తగా, "ఆ చెంబు నీళ్లు పాపకు పొయ్యి," అంది.

పోశాను.

మెసేజ్ 12

మీరు పంపిన కుర్రాడు పెట్టె ఆనించి చూశాడు. ముక్క ఎముకలో కలిసింది, పూత నిలబడింది, మోపొచ్చు అన్నాడు. చక్రం మాత్రం ఇంకో రెండు నెలల తర్వాతే అన్నాడు. మా గనిలో నిలబడిన మొదటి అతుకు ఇదేనంట. మావ ఆ మాట మళ్లీ చెప్పించుకుని విన్నాడు.

జనం వచ్చారు. అన్ని సొరంగాల నుంచి వచ్చారు, మొదటి సొరంగానికి ఎప్పుడూ ఎక్కనివాళ్లు కూడా. ఎండకి మొహాలు కందిపోయాయి. మావ చెంబు నింపి తెచ్చాడు. ఆయన పంతం కొద్దీ అంచుల దాకా నింపాడు.

గడప చెక్కకి పసుపు అక్క రాసింది. ఈరక్కని అక్క ఒళ్లో కూచోబెట్టుకుంది. అగ్గిపెట్టె ఆమె వేళ్ల మధ్య పెట్టారు. కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ దేని మీదా ఆగడం లేదు. రెండు రోజులుగా జ్వరం.

కర్రలు మావకి ఇచ్చాను. కుడి కాలు ఎత్తాను. దాదాపు నాలుగు నెలలుగా ఆ పాదం ఏదీ ముట్టలేదు కదా, ఆ ఒక్కరోజు తప్ప. గడప లోపల పెట్టాను. బరువు మోపాను. లోపల ఏమీ దిగలేదు. గట్టిగా ఉంది. నేల వేడి అరికాలికి తగిలింది.

అడుగుల చప్పుడు విని ఈరక్క తల తిప్పింది.

"ఎవురూ?"

అందరూ నా వైపు చూస్తున్నారు.

"మద్దీ? నువ్వేనా? ఇంతసేపు యాడ పోతివిరా?"

డాక్టరమ్మా, నాకు నోరు లేదని మీకు తెలుసు. అంత మందిలో నేను పుట్టిన దగ్గర్నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. చక్రంలో కాలు నలిగినప్పుడు కూడా మాట్లాడలేదు.

"వచ్చినా మా," అన్నాను. "నీళ్లు తెచ్చినా."

"ఎండలో తిరగబాకు అంటే వినవు," అంది. "దించు. చెయ్యి నొప్పి పుడుతుంది."

దించాను. ఆమె పుల్ల గీయలేకపోయింది. నేను చేయి పట్టుకుని గీయించాను. పొయ్యి అంటుకుంది. అక్క పిడికెడు బియ్యం వేసి జారుగా వండింది. నేను కలిపి పెట్టాను. ఒక ముద్ద మింగింది. రెండోది నోట్లోనే పెట్టుకుంది.

సాయంత్రం సైరన్ మోగే వేళకి ఊపిరి లేదు.

మెసేజ్ 13

మీ ఆసుపత్రి నుంచి మెసేజ్ వచ్చింది. పక్క గనిలో ఒక ఆడమనిషి, గంపలు మోసేది, రెండు చీలమండలూ అరిగిపోయాయంట. ఈరక్కవి పనికొస్తాయంట. ఇంటివాళ్లు ఎవరు, ఇస్తారా అని అడిగారు.

ఆమెకి ఎవరూ లేరు అని మావ రాయమన్నాడు. నేను రాయను.

నా పేరు రాసుకోండి. కుళ్లాయి, మొదటి సొరంగం. ఇస్తున్నాను.

ఆమె గడప చెక్క తెచ్చి మా తెర ముందు, మా చెక్క పక్కనే పెట్టాను. ఇప్పుడు మా ఇంటికి రెండు గడపలు. ఈ పొద్దున పొయ్యి రాళ్ల మీద ఆమె గిన్నెలు బోర్లించాను. అక్క పాలిచ్చే మనిషి, అది పక్కింటి పొయ్యి మీద వండుకుంటుంది. నేను శనగలు నానబెట్టుకున్నాను. నా వాటా వంట నీళ్లు పాప గుడ్డకి.

కాలు నొప్పి లేదు. మోపుతున్నాను. పాపకి అక్క ఈరమ్మ అని పేరు పెట్టింది.

ఆ గంపలు మోసే ఆమెకి ఒక మాట చెప్పండి. ఆరు వారాలూ నిండాకే రమ్మనండి. చెంబు చాలు. నేను ఆగుతాను.